పెట్టె చప్పుడుకు పారిపోని గుర్రం

కొండమీది ఊళ్లన్నిటికీ ఆవిడ సూదమ్మ. అసలు పేరేమిటని అడిగితే సగం మంది తెల్లమొహం వేస్తారు. లోయలో ఉన్న ఆస్పత్రిలో ఆవిడ నర్సు. టీకాల పెట్టె భుజాన తగిలించుకుని కొండెక్కడం, పసిపిల్లలకు సూదులు వేయడం, కడుపుతో ఉన్నవాళ్లను చూడడం, చీకటి పడకముందే దిగిరావడం ఆవిడ పని. పెళ్లైన కొత్తలో ఈ పనిలో చేరింది. ఇప్పుడు జుట్టు నెరిసింది. అప్పట్లో ఆవిడను చూసి కెవ్వుమన్న పిల్లలే ఇప్పుడు తమ పిల్లల్ని ఎత్తుకొచ్చి, "ఏడవకు నాన్నా, నాకూ ఈవిడే వేసింది" అని ఊరుకోబెడుతున్నారు.

ఈమధ్య మోకాళ్లు మొరాయించాయి. ఎక్కడం ఎలాగో ఎక్కేస్తోంది గానీ దిగేటప్పుడు తలప్రాణం తోకకొస్తోంది. ఒకరోజు సగం దారిలో బండరాయి మీద కూలబడితే, కట్టెలు కొట్టుకొస్తున్న ఆడవాళ్లు రెక్క పట్టుకుని దింపారు. ఆ కబురు ఆవిడకంటే ముందే ఆస్పత్రికి చేరింది.

"ఇక చాలమ్మా. కింద మందుల గదిలో కూర్చో. పైకి ఇంకెవర్నైనా పంపిస్తాను" అంది పెద్ద డాక్టరు. కోపంగా కాదు, అభిమానంగానే అంది.

"ఇంకెవరు వెళ్తారండీ?"

వచ్చిన కుర్ర నర్సులంతా ఆ కొండను ఒక్కసారి ఎక్కి, బదిలీ చేయించుకుని చక్కా పోయారు. తారురోడ్డు కంకర కొట్టే రాళ్లమిల్లు దాకానే ఉంది. ఆపైన మోటారుసైకిలు కూడా పోదు. మెట్లుమెట్లుగా రాళ్లు, మధ్యలో రెండు వాగులు. ఆ దారిలో నడిచేవి మనుషులూ గుర్రాలూ గాడిదలే.

"అయితే గుర్రం కొంటానండీ" అంది సూదమ్మ. అన్నాక, అన్నది తనేనా అని తనకే అనుమానం వచ్చింది.

సాయంత్రం ఆ మాట వినగానే ఆవిడ భర్త కాలికింద కుట్టుమిషను ఠక్కున ఆగిపోయింది. ఆయన టైలరు. మెడలో టేపు వేలాడుతుండగా కళ్లజోడు పైనుంచి భార్యను ఎగాదిగా చూశాడు.

"గుర్రమా! అటక మీది డబ్బా దించడానికి స్టూలెక్కితేనే నన్ను పట్టుకోమంటావు కదే!"

"స్టూలు కదులుతుందండీ."

"గుర్రం కదలదా?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. కానీ సూదమ్మ పట్టిన పట్టు విడిచే మనిషి కాదు. వారం తిరిగేసరికి ఆయనే దిగొచ్చి, గుర్రాలకు నాడాలు కొట్టే తన అన్నగారి దగ్గరికి వెంటబెట్టుకెళ్లాడు. ఆ అన్నగారికి గుర్రాల మాట వస్తే గొంతు పెద్దదవుతుంది.

"నాకొదిలెయ్యమ్మా. డెక్క చూశానంటే దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తాను" అన్నాడు.

చెప్పినట్టే మైదానంలో జరిగే గుర్రాల సంతకు తీసుకెళ్లి, ఒక బూడిదరంగు గుర్రం ముందు నిలబెట్టాడు. నిగనిగలాడే ఒళ్లు, దువ్విన జూలు. సూదమ్మకు చూడగానే ప్రాణం లేచొచ్చింది. అమ్మేవాడు ముక్కాలి పీట వేసి ఎక్కించి, మైదానం చుట్టూ నెమ్మదిగా తిప్పాడు. అది తలొంచుకుని బుద్ధిగా నడిచింది.

"పసిపిల్లండీ ఇది, పసిపిల్ల!" అన్నాడు అమ్మేవాడు.

"ఇంకేం చూడక్కర్లేదు" అన్నాడు బావగారు.

దిగాక సూదమ్మకు ఏం తోచిందో, వెంట తెచ్చుకున్న ఖాళీ టీకాల పెట్టెను జీను పక్కన ఆనించి మూత వేసింది. ఆ మూతకున్న గొళ్లెం టప్పుమని పడుతుంది. అంతే! గుర్రం రెండు కాళ్ల మీద లేచి, తాడు తెంపుకుని, టీ కొట్టు బెంచీలు దొర్లించి, మైదానం అవతలికి దౌడు తీసింది. దాని వెనక అమ్మేవాడు, అతని వెనక బావగారు.

రొప్పుతూ తిరిగొచ్చిన వాళ్లతో సూదమ్మ, "పసిపిల్లకు ఏడుపొచ్చినట్టుందండీ" అంది. నవ్వుతూనే అంది గానీ పెట్టె గొళ్లెం మీదినుంచి వేలు తీయలేదు. తను దాని మీద ఉండగా వాగు దాటుతుంటే ఆ చప్పుడైతే?

మర్నాడు పొద్దున్నే బావగారు వచ్చి, పీట లాక్కుని కూర్చున్నాడు.

"తప్పు నాదేనమ్మా. మంచి గుర్రమా కాదా అని చూశాను గానీ, నీకు పనికొస్తుందా అని చూడలేదు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నువ్వేం చేస్తావో చెప్పు ముందు."

సూదమ్మ చెప్పింది. ఇంటింటికీ ఆగాలి. ఆగినచోట కట్టకపోయినా నిలబడాలి. చుట్టూ పిల్లలు మూగుతారు, ఏడుస్తారు, తోక లాగినా లాగుతారు. వానొస్తే గొడుగు తెరవాలి. మోకాళ్లు వంగవు కాబట్టి మరీ ఎత్తు పనికిరాదు. పెట్టె చప్పుడు ఎలాగూ తప్పదు.

ఆ తర్వాత ఆదివారం వచ్చిందంటే ముగ్గురికీ గుర్రాల వేటే పని. ఒక గుర్రం ఎక్కాలంటే నిచ్చెన వేయాల్సినంత ఎత్తు. ఒకటి అన్నిటికీ ఊఁ అంది గానీ టైలరుగారి చొక్కా కాలరు కొరికేసింది. ఇంకొకటి ముందు మరో గుర్రం నడిస్తే తప్ప అడుగు వేయదు. సూదమ్మ మనసులో మందుల గది మెల్లగా తలుపు తెరుచుకుంటోంది.

అప్పుడు తెలిసింది, రాళ్లమిల్లు వెనక ఉండే పాలావిడ దగ్గర ఒక ఆడగుర్రం అమ్మకానికి ఉందని. ఆవిడ ఏళ్ల తరబడి పై ఊళ్లనుంచి పాలక్యాన్లు దాని మీదే దింపుకొచ్చింది. ఇప్పుడు నడుం వంగిపోయి ఆ పని మానేసింది. గోధుమరంగు గుర్రం. ఎడమ చెవి సగం చిరిగింది, పొట్ట కాస్త జారింది. చూడగానే టైలరుగారు పెదవి విరిచాడు.

పాలావిడ గుర్రం మీద చెయ్యి వేయనివ్వలేదు సరికదా, కొనడానికొచ్చినవాళ్లనే ప్రశ్నలు వేయడం మొదలుపెట్టింది.

"మధ్యాహ్నం నీళ్లెక్కడ పెడతావమ్మాయ్? ఎండలో కట్టేస్తావా? కొట్టే అలవాటుందా?"

"పిల్లలకు సూదులు గుచ్చడమే గానీ ఎవర్నీ కొట్టలేదు పిన్నిగారూ."

ముసలావిడ నవ్వి పక్కకు జరిగింది. బావగారు ఈసారి నోరు మూసుకుని పని చూశాడు. నాలుగు డెక్కలూ ఎత్తి చూశాడు, పళ్లు చూశాడు, మిట్ట ఎక్కించి దించి ఊపిరి విన్నాడు. అన్నీ అయ్యాక సూదమ్మ పెట్టె తెచ్చి, గుండె చిక్కబట్టుకుని మూత వేసింది. టప్.

గుర్రం ఒళ్లు జలదరించింది. ఒక అడుగు పక్కకు వేసి, చెవులు వెనక్కి వాల్చింది. సూదమ్మ మొహం పాలిపోయింది. "ఇదీ బెదిరింది బావగారూ."

"ఆగమ్మా, చూడు."

గుర్రం మెడ తిప్పి పెట్టెను చూసింది. ముక్కు దగ్గరికి తెచ్చి వాసన చూసి, ఫుర్రుమని గాలి వదిలింది. మళ్లీ మూత వేస్తే చిరిగిన చెవి మాత్రం ఆడించింది.

"బెదరని గుర్రం అంటే చెక్కగుర్రమే. బెదిరాక ఏం చేస్తుందనేదే మనకు కావాలి" అన్నాడు బావగారు.

సూదమ్మకు సూదిని చూసి కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, అయినా చెయ్యి చాపే పిల్లలు గుర్తొచ్చారు. గుర్రం మెడ మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది.

ధర దగ్గర పేచీ రాలేదు. పాలావిడ షరతు ఒక్కటే. ముందు తన పెరట్లో తన కళ్లముందు నేర్చుకోవాలి. "గుర్రానికి నువ్వు నచ్చకపోతే ఇవ్వను" అని తెగేసి చెప్పింది.

సూదమ్మ రోజూ డ్యూటీ దిగి పెరటికి వెళ్లేది. పిట్టగోడ పక్కన గుర్రం నిలబడితే, గోడమీంచి ఎక్కడం నేర్చుకుంది. కళ్లెం లాగిపట్టకుండా ఉండడం నేర్చుకుంది. ఒకసారి రికాబులోంచి కాలు జారి, పక్కకు ఒరిగి, తడిగడ్డిలో దబ్బున పడింది. గోడ అవతలినుంచి చూస్తున్న భర్త మెడలో టేపుతోనే పరుగెత్తుకొచ్చాడు.

"చాల్లేవే! ఎముకలు విరగ్గొట్టుకుంటావా?"

సూదమ్మ కూర్చున్నచోటినుంచే తలెత్తి చూసింది. కళ్లెం వేలాడుతుండగా గుర్రం పక్కనే నిలబడి ఉంది.

"అది ఎక్కడికీ పోలేదు చూశారా?" అంది. ఆయన చెయ్యిచ్చి లేపి, గోడ దాకా నడిపించి, మళ్లీ ఎక్కించాడు.

తాడు చేతికిచ్చిన రోజున పాలావిడ గుర్రాన్ని దగ్గరికి తీసుకుంది. చిరిగిన చెవి వెనక కాసేపు గోకి, అటు తిరిగి, ఎప్పుడో తోమేసిన క్యాన్లనే మళ్లీ తోమసాగింది. "ఆదివారాలు ఇటు తోలుకొస్తాను పిన్నిగారూ" అంది సూదమ్మ. ముసలావిడ తిరగకుండానే తలూపింది.

మొదటి ప్రయాణానికి పెద్ద డాక్టరు స్వయంగా రాళ్లమిల్లు దాకా వచ్చి చెయ్యి ఊపింది. సూదమ్మ జీను ముందుకొమ్మును గట్టిగా పట్టుకుంది. మొదటి వాగు దాటేదాకా ఊపిరి బిగబట్టే ఉంది. తర్వాత నెమ్మదిగా భుజాలు వదులయ్యాయి. ఇన్నేళ్లు ఈ దారిలో కాలికింది రాళ్లే చూస్తూ నడిచింది. ఇప్పుడు తలెత్తితే లోయంతా కనిపించింది. ఏరు, ఆస్పత్రి రేకుల కప్పు, దూరంగా బస్సు. ఇంత అందమైన చోట ఉన్నానా అనుకుంది.

ఊళ్లో జనం ముక్కున వేలేసుకున్నారు. సూదమ్మ వస్తోందంటే మంచాల కింద దూరే పిల్లలు గుర్రం చుట్టూ మూగారు. ఒక పిల్ల జూలు పట్టుకుని నిలబడి, సూది పడినట్టు కూడా గమనించలేదు. పని ముగిసేసరికి పొద్దు ఇంకా నడినెత్తినే ఉంది.

"అవతలి గట్టు మీద బాలింత ఉందమ్మా. అంత దూరం నీకెక్కడ కుదుర్తుందిలే" అన్నాడు ఒక పెద్దాయన.

సూదమ్మ ఎండ వంక చూసింది. గుర్రం వంక చూసింది. "దారి చూపించండి బాబాయ్" అంది.

ఆ గట్టు మీద పసివాడు పుష్టిగానే ఉన్నాడు. తల్లికే జ్వరం. ఇంకా ముదరలేదు, మాత్రలతో తగ్గేదే. "ఇక్కడిదాకా ఎవరొస్తారులే అనుకున్నాం" అంది ఆ అమ్మాయి, మాత్రల పొట్లం గుప్పిట్లో బిగించుకుని.

"ఎల్లుండి మళ్లీ వస్తాను" అంది సూదమ్మ. ఆ మాట మోకాళ్లను అడక్కుండా అనగలిగినందుకు ఆవిడకే ఆశ్చర్యం వేసింది.

సాయంత్రం రాళ్లమిల్లు దగ్గర భర్త కాచుకుని ఉన్నాడు. దింపుతుంటే కాళ్లు కొయ్యబారిపోయాయి. నడుం కింద ఎక్కడెక్కడ ఒరుసుకుందో చెప్పలేక, చెప్పకుండా ఉండలేక, ఆవిడ నవ్వుతూనే మూలిగింది. ఇంటికొచ్చి నిలబడే అన్నం తింది. ఆయన టేపు తీసి, వాకిట్లో దించిన జీను పొడవూ వెడల్పూ కొలుస్తున్నాడు.

"దీనిమీదకి దూది ఒత్తుగా పెట్టి మెత్త కుడతాను. ఎల్లుండి మళ్లీ వెళ్లాలన్నావు కదా?" అన్నాడు.