మిషను లేనిచోట మలుపు

దయ్యాల మీద నాకెప్పుడూ నమ్మకం లేదు. దయ్యం ఉందని తిరువూరులో పేరుపడ్డ ఇళ్ళన్నిట్లోనూ ఒక్కో రాత్రి పడుకుని, గురకపెట్టి వచ్చినవాణ్ణి. ఆ గురకకి దయ్యాలే ఇళ్ళు ఖాళీ చేసి పోయాయని మా ఆవిడ అంటుంది.

నేను పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. నలభై ఏడో ఏట సెలవు పెట్టి విజయవాడలో రోబోటిక్స్ ఎం.టెక్. చేరాను. తమంతట తామే దారి వెతుక్కుంటూ తిరిగే రోబోల చదువు. మొదటిరోజు నేను లోపలికి రాగానే క్లాసంతా లేచి నిలబడింది. నేను వెళ్ళి ఆఖరి బెంచీలో కూర్చున్నా ఎవరూ కూర్చోలేదు. అలాగే సాయంత్రం దాకా నిలబడే ఉన్నారు.

నేను చేరింది మా రహీమక్క కోసం. ఎ.కొండూరు నుంచి పెనుగొలను దాకా ఆడవాళ్ళందరి జాకెట్లూ కుట్టి, నన్ను ఇంజనీరింగు చదివించిన మనిషి. షుగరొచ్చి రెండు కళ్ళూ పోయాయి. కుట్టుమిషను ఎవరికో ఇచ్చేశాం.

ఆ మిషను మా పెంకుటింటి హాలు నడిమధ్యన, పైకప్పులో గాజుపెంకు కింద, వెలుతురు పడేచోట ఉండేది. అది పోయాక కూడా అక్క వీధిగుమ్మం నుంచి వంటింటికి వెళ్తూ అక్కడికి రాగానే ఒక క్షణం ఆగి, ఎడమకి వంగి, లేని మిషనుని చుట్టి వెళ్ళేది.

మిషను లేదు కదా అక్కా అని నవ్వేవాణ్ణి.

"నాకు తెలుసురా. కాళ్ళకెవరు చెప్తారు?" అనేది.

అక్కకి ఒకటే కోరిక. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఇంట్లో తిరగాలి. ముందు నడిచి దారి చూపించే రోబో చేసి తెస్తానన్నాను. వచ్చే నెల, వచ్చే నెల అంటూ ఏడాదిన్నర గడిపాను. ఒక మంగళవారం పొద్దున అక్క నిద్రలోనే పోయింది. ఆ వేళకి నేను ల్యాబులో దాని చక్రాలకి బోల్టులు బిగిస్తున్నాను. ఆ రోబో అప్పటిదాకా మా గడప తొక్కలేదు.

అక్క పేరున నలభయ్యో రోజు ఫాతిహా చదివించిన మర్నాడు దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సులో తిరువూరు తెచ్చాను. కండక్టరు దాన్ని ఇడ్లీ కుక్కరనుకున్నాడు. నిజమైన ఇంట్లో అది నడిచే వీడియో సోమవారానికి కాలేజీలో ఇవ్వాలి. లేకపోతే డిగ్రీ లేదు, పెట్టిన సెలవంతా దండగ.

ఇక్కణ్ణుంచి చెప్పేదాంట్లో గోరంత కూడా పెంచలేదు.

ఆదివారం పదింటికి రోబోని ఇల్లంతా తిప్పాను. లేజరుతో గోడలూ తలుపులూ చూసుకుని మ్యాపు గీసుకుంది. వీధిగుమ్మం దగ్గర పెట్టి వంటింటికి వెళ్ళమన్నాను. మధ్యలో అడ్డమేమీ లేదు. తిన్నగా వెళ్ళాలి.

హాలు మధ్యకి వచ్చి ఆగింది. ఎడమకి వంగింది. ఖాళీ నేలని చుట్టి మళ్ళీ దారిలో పడింది.

గాజుపెంకు వెలుతురు లేజరుని తికమక పెడుతోందేమోనని పైన గోనె కప్పించాను. వంగింది. మ్యాపు చెరిపేసి కొత్తది గీయించాను. వంగింది. పక్కగదిలో పెడితే తిన్నగా పోయింది. మళ్ళీ హాల్లో పెట్టాను. వంగింది.

ప్రోగ్రాము రాయడంలో నాకు గురువు మా క్లాసు శ్రావణి. వీడియో కాల్‌లో అంతా చూపించాను.

"మ్యాపులో అక్కడేమీ లేదు సార్. ఖాళీయే," అంది. మళ్ళీ తనే, "టైం లేదు కదా సార్, దారిని మీరే గీసేయండి. దాన్ని ఆలోచించనివ్వకండి," అంది.

మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఈ ఒక్కరోజూ అలా తిరగనివ్వండి," అంది మెల్లగా.

సోమవారం ముంచుకొస్తోందన్నాను. మ్యాపు మీద గుమ్మం నుంచి వంటింటికి తిన్నగా గీత గీశాను. రోబో ఆ గీత మీదే, ఆ ఖాళీ మధ్యలోంచే వెళ్ళిపోయింది. వీడియో తీశాను. డిగ్రీ వచ్చింది.

వచ్చిన వారమే ఆ గీత చెరిపేసి రోబోని దాని ఇష్టానికి వదిలాను. తిన్నగా వెళ్ళింది. ఇంకోసారి వదిలాను. అప్పటినుంచి ప్రతి ఆదివారం అదే పొద్దున పదింటికి, అదే గుమ్మం దగ్గర పెట్టి చూస్తున్నాను. ఒక్కసారి కూడా వంగలేదు.

ఆ రోజు ఎందుకు వంగిందో చెప్పడం నా చదువు వల్ల కాలేదు. శ్రావణి వల్లా కాలేదు. ఎందుకు మానేసిందని మాత్రం నేను ఎవర్నీ అడగలేదు.