వాసుకి కమాండ్, రాజామణి కొసరు

ఆ వారమంతా వాసుకి కాళ్లు ఒక చోట నిలవలేదు. తమిళనాట తుడియలూరులోని పంపుల వర్క్‌షాపులో మోటార్లు పరీక్ష తొట్టి మీద హోరుమంటుంటే, మధ్యలో లేచి గేటు దాకా నడిచేది. ఫోన్ తీసి మెయిల్ చూసేది, తిరిగొచ్చేది. టీ మీద మీగడ కట్టేది. కనుమ దాటొచ్చే గాలి కప్పు రేకుల్ని పట్టి ఊపుతుంటే, తన గుండెలోనూ ఏదో మేకు ఊడిన రేకు కొట్టుకుంటున్నట్టుండేది.

ఆమెకు నలభై ఒకటి. మోటార్లను నడిపే కంట్రోల్ పెట్టెల్లోకి సెట్టింగులు ఎక్కించడం ఆమె పని. కంప్యూటర్ చదువు ఏ కాలేజీలోనూ చదవలేదు. పెట్టెలు విప్పుతూ, మూస్తూ నేర్చుకుంది. అన్నూరు పొలాల్లో బోరు మోటార్ల పక్కన ఆ పెట్టెలుంటాయి. అక్కడ ఇంటర్నెట్ అందదు, ఫోన్లో మాట అందుతుంది. పెట్టె మొరాయిస్తే ఎవరో ఒకరు ల్యాప్‌టాప్ పట్టుకుని రెండు బస్సులు మారి వెళ్లాలి.

అందుకే ఒక చిన్న కమాండ్ రాసింది. అది సెట్టింగుల ఫైలును ఐదేసి అంకెల గుంపులుగా మారుస్తుంది. పొలంలో ఉన్న మనిషి పెట్టె తెర మీద కనిపించే ఆ గుంపులు ఫోన్లో చదివితే, ఇక్కడ టైపు చేసి మళ్లీ ఫైలు చేసుకుని, తప్పెక్కడుందో చూడొచ్చు. కానీ తన చేత్తో ఎక్కించింది రెండు పెట్టెల్లోనే. పెట్టెలన్నీ ఒక ఓపెన్ సోర్స్ కమాండ్ల మూటతో, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకుని మార్పులు సూచించగల మూటతో వస్తాయి. మూటలో లేనిది పెట్టెలో ఉండదు. తన కమాండ్‌ను ఆ మూటలోకి తీసుకోమని, దాన్ని చూసుకునేవాళ్లకు వాసుకి ప్రతిపాదన పంపింది. దాని జవాబు కోసమే ఈ నడక.

మొదటి పెట్టె చిన్నాయన రాజామణిది. అన్నూరులో నలభై ఏళ్లు పప్పుల కొట్టు నడిపి, ఇప్పుడు అరటి వేసుకున్నాడు. పరీక్షనాడు ఫోన్లో పన్నెండు గుంపులూ చదివి, ఆగకుండా మొదటి గుంపునే మళ్లీ చదివాడు. కమాండ్ తప్పు చూపించింది.

“పన్నెండే కదా చిన్నాయనా! ఈ పదమూడోది యాడ్నించి తెస్తివి?”

“అది కొసరు, కణ్ణు. సరిగ్గా కొలిచి చెయ్యి ఎనక్కి తీసేది నాకు వచ్చునా?”

“ఇదేమన్నా కందిపప్పా, కొసరు వేసేదానికి?”

“ఆమా, నీ పెట్టె రొంబ పిసినారిది. ఒగ గుంపు ఎక్కువైతే ఏడస్తాది.”

విసుక్కుని ఫోన్ పెట్టేసింది.

రెండో పెట్టె పక్క పొలం వేలుసామిది. వారం తర్వాత అతను చదువుతుండగా తొమ్మిదో గుంపు అయ్యాక లైను తెగింది. అది తెలియక అతను చివరిదాకా చదివి పెట్టేశాడు. అతని ఫైలు చిన్నది కాబోలు అనుకుంది వాసుకి. వచ్చిన విలువలు బాగున్నాయి. అంతా సరిగ్గా ఉంది, మోటారు వేసుకోమని మెసేజ్ పంపింది. తప్పు అందని మూడు గుంపుల్లో ఉంది. బోరు ఎండితే మోటారును ఆపే విలువ అది. మధ్యాహ్నానికి మోటారు కాలిపోయింది.

దాన్ని వర్క్‌షాపుకు తెచ్చి విప్పినప్పుడు మాడిన వార్నిష్ వాసన చీర కుచ్చిళ్లలోకి చేరి రెండు రోజులు పోలేదు. చిన్నాయన చదివి ఉంటే? కొసరు రాలేదే అని తను అడిగేది. మాట మధ్యలో తెగిందని తెలిసేది. ఆ సాయంత్రమే కమాండ్‌ను తిరగరాసింది. చివర మొదటి గుంపు మళ్లీ రావాలి. రాకపోతే ఫైలు తయారుకాదు. ప్రతిపాదన పంపింది ఆ తర్వాతే.

నాలుగో రోజు జవాబొచ్చింది. అంకెల్లో చూపించే కమాండ్ ఇప్పటికే ఉంది, కొత్తది ఎందుకని. చూపిస్తుంది గానీ తిరిగి ఫైలు చేయదు అని వాసుకి రాసింది. మర్నాడు ఇంకొకటి: చివరి గుంపులో కొత్త సమాచారం లేదు, తీసేయండి.

వాసుకి ఆ వాక్యాన్ని నిలబడి చదివింది, నడుస్తూ చదివింది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, మెయిల్లో ఇంగ్లీషు. ఆ మూడోదాంట్లో కొసరుకు మాట వెతికి వెతికి అలిసిపోయింది. చివరికి మాట వదిలేసి వేలుసామి మోటారు కథంతా రాసింది. తొమ్మిది గుంపులే మొత్తం అనుకున్నది తనేనని కూడా రాసింది.

శుక్రవారం పొద్దున తేలింది. కొత్త కమాండ్ వద్దు. ఫైళ్ల రూపు మార్చే ఎన్‌కోడింగ్ కమాండ్ ఒకటి మూటలో ఉంది, దానికే ఒక ఆప్షన్‌గా చేర్చుకుంటాం. చివరి గుంపు ఉండనివ్వండి. ఆ ప్రకారం మళ్లీ రాసి, పరీక్షలతో సహా పంపండి.

చిన్నాయనకు ఫోన్ చేసింది.

“తీసుకుంటారంట. కానీ నేను పెట్టిన పేరు ఉండదు. ఇంకోదాని కింద ఒగ మూలన ఉంటాది.”

“మూలంటే? ఇంటి లోపలా, బయటా?”

“లోపలే.”

“అప్పురం ఇంకేమిటికి మూలుగుతావు? పో, పని చూడు. నేను అరటికి నీళ్లు కట్టాల.”

మూడు నెలలు రాసిన ఫైలు తెరిచింది. పై వరుసలో తను పెట్టిన పేరు ఉంది. కాసేపు దాన్నే చూసి, చెరిపేసింది. మిగిలిన వరుసల్ని ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు రాసిన వరుసల మధ్య ఒక్కొక్కటే దూర్చింది. మొదటి పరీక్ష నడిపింది. తప్పింది. పెదవి కొరుక్కుని, తప్పిన చోటు వెతకడం మొదలుపెట్టింది.