మూసిన కిటికీలో రాత్రిరాణి

"అమ్మా, నీ పువ్వు కంపు కొడ్తుంది" అంది పాప, రెండు వేళ్ళతో ముక్కు మూసుకుని.

టీ పెడదామని అప్పుడే అగ్గిపుల్ల తీసి పెట్టె అంచుకు ఆనించాను. "లేదురా, మంచి వాసనే" అని అలవాటుగా అనేసి, వంటింటి కిటికీలో ఉన్న రాత్రిరాణి కుండీ వైపు చూశాను. సాయంత్రం ఐదు కూడా కాలేదు. ఒక్క పువ్వూ విచ్చుకోలేదు. మొగ్గలన్నీ సన్నటి పచ్చి పుల్లల్లా బిగిసి ఉన్నాయి.

మరి నాలుగేళ్ళ పిల్లకు వస్తున్నది దేని వాసన?

నాకు మాత్రం ఏదీ రావడం లేదు. అంతకు ముందు వానాకాలంలో వచ్చిన జ్వరం పది రోజులకు తగ్గింది కానీ, దానితో పోయిన వాసన తిరిగి రాలేదు. మొదట జలుబే అనుకున్నాను. ఒకరోజు పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడినా, పక్కనే కూర్చుని బియ్యం ఏరుతున్న నాకు తెలియలేదు. అడవి లోపల ఆశ్రమ పాఠశాలలో పంతులుగా పనిచేసే మా ఆయన శనివారం భద్రాచలంలో ఇంటికి వచ్చి ఆ గిన్నె చూశాడు.

"ధ్యాస యాడ పెట్టినవ్? పిల్లల్ని గూడ గిట్లనే చూస్తున్నవా? మా అమ్మ దగ్గర దింపొస్తే నాకు నిమ్మళముంటది."

తల వంచుకున్నాను. ధ్యాస లేనిదాన్ని అనిపించుకోవడమే నయమనిపించింది. ముక్కు పనిచేయదని చెబితే పిల్లలిద్దరినీ మర్నాడే మా అత్తగారి ఊరు సత్తుపల్లి బస్సు ఎక్కిస్తాడు.

ఖమ్మంలో డాక్టరుకు ఒక్కదాన్నే వెళ్ళి చూపించుకున్నాను. కొందరికి తిరిగొస్తుంది, కొందరికి రాదు, ఆగి చూద్దాం అన్నాడు. ఆగడం నా వల్ల కాలేదు. వచ్చేటప్పుడు రోడ్డు పక్క నర్సరీలో ఒక మల్లె కుండీ కొని ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను. తర్వాత మరువం వచ్చింది, దవనం వచ్చింది, చివరికి రాత్రిరాణి. ఉన్నది రెండు గదుల కిరాయి ఇల్లు. పొద్దుటి ఎండ పడేది వంటింట్లోనే కాబట్టి కుండీలన్నీ అక్కడే చేరాయి. ఏదో ఒక వాసన దారి చేసుకుని నాలోకి వస్తుందని ఆశ. గాలికి పోతుందేమోనని, ఉక్కపోస్తున్నా కిటికీలు మూసేదాన్ని. మరువం ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంటే వేళ్ళకు తడి తెలిసేది, అంతే. పాప తలకు నూనె రాసి, ఆ తల మీద ముఖం ఆనించి చాలాసేపు అలాగే ఉండేదాన్ని. ఆ వాసన కూడా రాలేదు.

ఎండలు మొదలయ్యేసరికి మల్లెలు విరగబూశాయి. పక్కింటి అక్క చేటకోసం వచ్చి గడపలోనే ఆగిపోయింది.

"ఏంది చెల్లె, ఇల్లు పెండ్లిపందిరి లెక్కుంది! శనివారమొస్తే మీ సారు సోమవారం బస్సెక్కడిగ!"

"అవ్ అక్కా, ఎంత బాగున్నయో" అని నవ్వుతూ పువ్వు వాసన చూశాను. పిల్లల ముందు కూడా రోజూ అదే నటన.

పాప ముక్కు మూసుకున్న రోజే, అంతకు ముందు నాలుగింటికి బడి నుంచి వచ్చిన బాబు కూడా, "ఏందో వాసనొస్తుందమ్మా" అన్నాడు. "మల్లెపూలు రా" అన్నాను. సరేనని సంచి పడేసి ఆటకు పోయాడు.

బిగిసిన మొగ్గలు చూస్తుంటే ఆ మాట గుర్తొచ్చింది. అగ్గిపుల్ల చేతిలోంచి జారిపోయింది. పాపను ఎత్తుకుని వాకిట్లోకి ఉరికి, "అక్కా!" అని అరిచాను.

అక్క గడప దాటుతూనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "గ్యాసు! స్విచ్చులు ముట్టకు!" లోపలికి పోయి సిలిండర్ కట్టేసి, కిటికీలన్నీ బార్లా తెరిచింది. పొయ్యికి పోయే రబ్బరు గొట్టం పగిలి ఉంది.

"గింత వాసనొస్తుంటే కిటికీలు మూసుకుని కూసున్నవా? ముక్కుకు తాళమేసినవా ఏంది?"

"జలుబక్కా" అన్నాను. అప్పుడు కూడా అబద్ధమే వచ్చింది నోటికి.

అరుపు విని ఆట వదిలి వచ్చిన బాబు నన్నే చూస్తున్నాడు. "నేను చెప్పలే? నువ్వే పూలంటివి."

వాడికి ఏడేళ్ళు. వాడి ముక్కు బాగానే చెప్పింది. అమ్మ కాదంది కాబట్టి ముక్కును నమ్మడం మానేశాడు. పగిలిన గొట్టం కంటే ఆ రాత్రి నన్ను అదే ఎక్కువ భయపెట్టింది. ఇన్ని నెలలూ నేను వాళ్ళకు నేర్పింది ఇదా? ఇన్నాళ్ళయినా, పిల్లలు పడుకున్నాక ఇది రాస్తూ రెండుసార్లు లేచి వెళ్ళి సిలిండర్ చూసి వచ్చాను.

గొట్టం పగిలిన మర్నాడు తెల్లారగానే కుండీలు ఒక్కొక్కటే మోసి ప్రహరీ పక్కన పెట్టాను. పొయ్యి వెలిగించలేదు. పిల్లల్ని మెట్టు మీద కూర్చోబెట్టి చెరో రెండు బిస్కెట్లు ఇచ్చాను.

"జ్వరమొచ్చినప్పటి సంది అమ్మకు ఏ వాసనా తెలుస్తలేదు" అన్నాను.

"మల్లెపూలు గూడనా?" అన్నాడు బాబు.

"అవ్. అబద్ధం చెప్పిన."

"నాన్నకు తెల్సా?"

"శనివారం చెప్తా."

నానమ్మ దగ్గరికి పోవాలా అని వాడు అడగలేదు. వాడి చేతిలో పాప చెయ్యి పెట్టాను.

"ఇంట్ల ఏ వాసనొచ్చినా నాకు చెప్పాలె. నేను పూలదే అంటే నమ్మొద్దు, మళ్ల చెప్పాలె. అప్పటికీ నేను వినకపోతే, చెల్లెను పట్టుకుని బయటికి ఉరుకు. నాకోసం ఆగొద్దు."