గిర్ని గోడ పక్కన అత్తమ్మ బడి

మా అత్తమ్మ పోయారు. పోయిన మంగళవారం మధ్యాహ్నం, మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీ ఆఫీసుకు గుంటూరు నుంచి ట్రంక్ కాల్ వచ్చింది. ఆయన సైకిలు మీద నేరుగా బడికే వచ్చారు. నేను పిల్లలకు భిన్నాలు చెప్తున్నాను. గోడ అవతల పిండి గిర్ని నడుస్తోంది. ఆయన గుమ్మంలో నిలబడి ఏదో అన్నారు, నాకు వినపడలేదు. "జర గట్టిగ చెప్పండి" అన్నాను విసుగ్గా. "అమ్మ పోయింది" అని ఆయన అరిచి చెప్పాల్సి వచ్చింది. ఆ మాట అరిచి చెప్పాల్సిన అవస్థ ఏ కొడుక్కూ రాకూడదు.

నాకు మొదట ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎండలు తగ్గాక వెళ్ళమని ఇద్దరం ఎంత చెప్పినా వినలేదు. చర్చిలో చెల్లెలి మనవరాలి పెళ్ళి. "నేను లేకపోతే గుడిలో పాట ఎవరు ఎత్తుకుంటారు?" అని పెట్టె సర్దుకున్నారు. పాట ఎత్తుకున్నారట కూడా. మర్నాడు భోజనం చేసి పడుకున్నవారు లేవలేదు. ఆమెతో ఈ పదేళ్ళూ ఇలాగే గడిచాయి. ఒకరు చెప్తే వినే మనిషి కాదు, ఆమె చెప్తే ఇంకొకరు వినకుండా ఉండే వీలూ లేదు.

ఆమె గుంటూరు వైపు మిషన్ బళ్ళో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పి, రిటైరై, మామగారు పోయాక మా దగ్గరికి వచ్చారు. నాది మెదక్ వైపు. మా ఇంట్లో అత్తను అత్తమ్మా అనే పిలుస్తారు. వచ్చిన రోజే ఆమె "అత్తయ్యా అనమ్మా, వినడానికి బాగుంటుంది" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆ ఒక్క విషయంలో మాత్రం నేను లొంగలేదు, చివరిదాకా అత్తమ్మా అనే పిలిచాను. ఆమె కూడా లొంగలేదు, చివరిదాకా సరిదిద్దుతూనే ఉన్నారు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చి నెలల తరబడి బడులు మూతపడ్డాయి. మా పిల్లలిద్దరూ రోజంతా వీధిలో గోలీలాడుతుంటే అత్తమ్మకు మనసొప్పలేదు. ముందుగదిలో చాప పరిచి చదువు మొదలుపెట్టారు. వారం తిరక్కుండా మా చర్చి సంఘంలోని మరో మూడు కుటుంబాల పిల్లలు వచ్చి చేరారు. మగవాళ్ళందరూ బాలానగర్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళే, ఇళ్ళు మాత్రం మియాపూర్ దగ్గర. పొద్దున కీర్తన, ప్రార్థన, తర్వాత తెలుగు, లెక్కలు. బడులు మళ్ళీ తెరిచారు. కానీ లారీలు పరుగెత్తే బొంబాయి రోడ్డు దాటించి అంతదూరం పంపడానికి తల్లులెవరికీ ధైర్యం చాల్లేదు. పైగా పిల్లలు బళ్ళో కన్నా ఇక్కడే బాగా చదువుతున్నారు. అలా మా ముందుగది బడి నిలిచిపోయింది.

ఒక్కరే అందరికీ చెప్పలేరు కాబట్టి తల్లులందరూ తలా ఒక పాఠం చెప్పాలని అత్తమ్మే తేల్చేశారు. నాకు సైన్సు ఇచ్చారు. "నాకు చెప్పరాదు అత్తమ్మా" అంటే, "నీకు వచ్చో రాదో నేను చూసుకుంటాను, నువ్వు చెప్పు" అన్నారు. నేను చెప్తుంటే వెనక కూర్చుని వినేవారు. రాత్రి అన్నం దగ్గర, నేను కూర వడ్డిస్తుంటే, "ఆవిరి గురించి చెప్పేటప్పుడు గిన్నె మీద మూత పెట్టి చూపించాల్సింది" అనేవారు. ఎన్నిసార్లు గరిటె విసిరికొట్టాలనిపించిందో.

పిల్లల సంఖ్య పెరిగింది, మా ముందుగది చాల్లేదు. ఒక వారం ఒకరింట్లో, ఒక వారం ఇంకొకరింట్లో. నల్లబల్ల మోసుకుంటూ తిరిగేవాళ్ళం. అప్పుడు మియాపూర్ ఊరి మొదట్లో యాదయ్య రేకుల షెడ్డు దొరికింది. ఊరివాడే. సగంలో పిండి గిర్ని పెట్టుకున్నాడు, మిగతా సగం కిరాయికి ఇస్తానన్నాడు. మధ్యలో ఇటుక గోడ ఉంది కానీ అది రేకుల దాకా పోదు, తల ఎత్తున ఆగిపోతుంది. నేను చూడగానే వద్దన్నాను. అత్తమ్మ కిటికీ చూసి సరేనన్నారు.

సామాను చేర్చిన రోజే గొడవ. నల్లబల్ల గిర్ని గోడకే తగిలించాలన్నారు. నేను ఎదురుగోడకన్నాను. "వెలుతురు ఎడమ వైపు నుంచి పడాలి. లేకపోతే రాసుకునే చేతి నీడ పలక మీదే పడుతుంది" అన్నారు. తగిలించాం. యాదయ్య మోటారు వేశాడు. గోడ అదిరింది, బల్ల దడదడలాడింది, సుద్దముక్క కింద పడి విరిగింది. నేను ఆమె వైపు చూశాను. "ఇంకో మేకు కొట్టు" అన్నారు. ఆ బల్లకు ఆ తర్వాత కొట్టినన్ని మేకులు నేను మా ఇంటి తలుపులకు కూడా కొట్టలేదు.

రెండో రోజు పొద్దున ప్రార్థన వేళకు ఆమె గిర్ని వైపు వెళ్ళారు. నేను వెనకే వెళ్ళాను, ఏమంటారో అన్న భయంతో.

"యాదయ్యా, ఒక్క పది నిమిషాలు మిషను ఆపవయ్యా. ప్రార్థన చేసుకుంటాం."

"ఎట్ల ఆపాలమ్మా? ఆడోళ్ళు జొన్నలు నెత్తిల పెట్టుకొని నిలబడ్డరు. నీ ప్రార్థన నువ్వు జేస్కో, నా గిర్ని నేను నడుపుకుంట."

"మాకు వినపడొద్దా?"

"మీ దేవునికి ఇనవడ్తే సాలదా?"

ఆమె వెనక్కి తిరిగొచ్చారు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. "అతనన్నదాంట్లో తప్పేముంది? దేవుడికి చప్పుడు అడ్డం కాదు, నాకే అడ్డం" అని అత్తమ్మ ఆ రోజు నుంచి కొత్త పద్ధతి పెట్టారు. కరెంటు పోయినప్పుడే ప్రార్థన. మోటారు ఆగగానే పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ లేచి కళ్ళు మూసుకోవాలి. నేను కప్ప బొమ్మ సగం గీసి ఉంటాను, కరెంటు పోతుంది, అందరూ లేస్తారు. ప్రార్థన సగంలో కరెంటు వస్తుంది, ఆమెన్ ఎవరికీ వినపడదు. కొందరు కూర్చుంటారు, కొందరు కళ్ళు మూసుకుని అలాగే నిలబడి ఉంటారు. "గిట్లయితే నేను పాఠమెట్ల చెప్పాలె?" అని అరిచాను ఒకసారి. "గిట్ల కాదు, ఇలా" అన్నారు.

అలా నన్ను దిద్దిన మనిషే, ఆరు నెలలు తిరిగేసరికి గోడ మీదుగా "జర ఆగవయ్యా యాదయ్యా!" అని కేకేయడం నా చెవులతో విన్నాను. ఇంటికొచ్చి అడిగితే, "నాకెందుకులే గానీ, అతనికి అర్థం కావద్దా?" అన్నారు. నాకెందుకులే గానీ అని మొదలుపెట్టారంటే ఆ విషయం ఇక అరగంట నడుస్తుందని మాకందరికీ తెలుసు.

అసలు కష్టం దసరాకు వచ్చింది. ఊళ్ళో బడులన్నిటికీ సెలవులే, మా బడికి మాత్రం అత్తమ్మ ఇవ్వలేదు. పండుగ నాడు పొద్దున మేము వెళ్ళేసరికి యాదయ్య గిర్నికి బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, షెడ్డు ముందు ఈ మూల నుంచి ఆ మూలకు మామిడాకుల తోరణం కట్టాడు. మా గుమ్మం మీదుగా కూడా. షెడ్డు తనది, పండుగ తనది, కట్టుకున్నాడు. మా కుటుంబాల్లో ఫోర్‌మన్ గారని ఒకాయన ఉన్నారు. బళ్ళో సగం మంది ఆయన పిల్లలూ, ఆయన తమ్ముడి పిల్లలే. ఆయన భార్యే మాకు లెక్కలు చెప్పేది. పిల్లలను దింపడానికి వచ్చిన ఆయన, తోరణం చూసి ఆగారు. ఎవరినీ ఒక్క మాట అడగలేదు. మా గుమ్మం మీద ఉన్నంత మేరా తెంపి పక్కన పడేసి వెళ్ళిపోయారు.

మర్నాడు మా తలుపుకు తాళం వేసి ఉంది.

"పండుగ పూట ఆకులు తెంపిండంటే నా మొకం మీద కొట్టినట్టే" అన్నాడు యాదయ్య. "ఇగ మీరు జాగ ఖాళీ చేయుండ్రి."

పిల్లలు ఎండలో నిలబడ్డారు. పుస్తకాలు, పలకలు, చాపలు లోపల. నాకు ఫోర్‌మన్ గారి మీద కోపం, యాదయ్య మీద కోపం, ఈ షెడ్డు కావాలన్న అత్తమ్మ మీద అందరికన్నా ఎక్కువ కోపం. ఆమె మాత్రం పిల్లలను తీసుకెళ్ళి, పిండి పట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు కూర్చునే అరుగు పక్కన కూర్చోబెట్టి, ఎక్కాలు మొదలుపెట్టారు. గిర్ని చప్పుడుకు మించి పిల్లలు అరిచారు. తర్వాత ఆమె లేచి యాదయ్య ముందు నిలబడ్డారు.

"తెంపినవాడు మా మనిషి. అది మేం చేసినట్టే. నన్ను మన్నించు."

ఆమె అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! "కానీ మా గుమ్మానికి కట్టేముందు నువ్వు మమ్మల్ని అడగాల్సింది" అన్నారు.

"నా ఇంటికి నేను కట్టుకుంటే నిన్ను అడగాల్నా?"

"కిరాయికి ఇచ్చాక గుమ్మం మాది కదయ్యా."

ఇక మళ్ళీ మొదలు. నేను తల పట్టుకున్నాను. చివరికి జొన్నల గంప పట్టుకుని కూర్చున్న ఒక ముసలమ్మ లేచి, "ఏంది యాదయ్యా, చిన్న పోరగాండ్లను ఎండల కూసోబెడ్తవా? ఆమె తప్పయిందన్నది గదా. తియ్ తాళం" అని కసిరింది. మిగతా ఆడవాళ్ళూ అందుకున్నారు. యాదయ్య గొణుక్కుంటూ తాళం తీశాడు.

సాయంత్రం అత్తమ్మ నన్ను వెంటబెట్టుకుని ఫోర్‌మన్ గారింటికి వెళ్ళారు. "రేపు వచ్చి యాదయ్యతో ఒక్క మాట చెప్పు బాబూ" అన్నారు.

"నేను చెప్పనండి టీచరమ్మగారూ. నా పిల్లలు ఆ తోరణం కింద నుంచి నడవరు."

"నీ విశ్వాసం నీది. గుమ్మం అతనిది."

ఆయన వినలేదు. ఆ ఇంటి పిల్లలూ, తమ్ముడి పిల్లలూ మానేశారు. లెక్కలు చెప్పే మనిషీ పోయింది. దారిలో నేను అడిగాను. "పొద్దున గుమ్మం మాదంటిరి, ఇప్పుడు యాదయ్యదంటిరి. ఏది నిజం అత్తమ్మా?"

"ఎవరికి ఏది చెప్పాలో అది చెప్పాను" అన్నారు. కాసేపు నడిచాక, చీకట్లో, చాలా చిన్న గొంతుతో "పిల్లలు పోయారే" అన్నారు. ఆమె గొంతు అంత చిన్నగా నేను ఎప్పుడూ వినలేదు.

మర్నాటి నుంచి బడి అయిపోగానే ఆమె ఒక్కరే ఫోర్‌మన్ గారింటికి నడిచి వెళ్ళేవారు. వరండాలో పిల్లలను కూర్చోబెట్టుకుని ఆ రోజు పాఠమంతా మళ్ళీ చెప్పేవారు. ఆయన ఇంట్లో ఉంటే పలకరించేవారు కారు, వద్దనీ అనలేదు. వయసు మీదపడ్డ మనిషి, మోకాళ్ళ నొప్పులు, అంత దూరం. లెక్కలు కూడా నా నెత్తిన పడ్డాయి. "వాళ్ళు మనను కాదనుకున్నరు, మీరెందుకు పోతరు?" అని పోట్లాడాను. "పెద్దవాళ్ళు కాదనుకున్నారు. పిల్లలు ఏమన్నారు?" అన్నారు. నాకు ఇంకా కోపం వచ్చింది.

చలికాలం వెళ్ళి ఎండలు ముదిరేదాకా అలాగే నడిచారు. ఒక సాయంత్రం ఆమె బయల్దేరబోతుంటే ఫోర్‌మన్ గారి భార్య పిల్లలందరినీ వెంటబెట్టుకుని బడి గుమ్మంలోకి వచ్చింది. "మీరింక రావద్దండి టీచరమ్మగారూ. మేమే వస్తాం" అంది. "లెక్కలు వెనకబడ్డాయి, కూర్చుని చెప్పు" అన్నారు అత్తమ్మ, కొన్ని లెక్కలు మాత్రం నా దగ్గరే ఉంచి. అంతే. ఫోర్‌మన్ గారు మాత్రం ఆ షెడ్డులో ఎన్నడూ అడుగుపెట్టలేదు. అత్తమ్మ ఆయన కోసం ప్రార్థన చేయడం మానలేదు, ఆయన మీద విసుక్కోవడమూ మానలేదు.

మరుసటి దసరాకు యాదయ్య తోరణాన్ని సరిగ్గా గిర్ని గోడ దగ్గర ఆపేశాడు. షెడ్డు సగం పచ్చగా, సగం బోసిగా కనిపించింది. "సగంలో వదిలేశాడేంటి, చూడటానికేం బాగుంది?" అన్నారు అత్తమ్మ. నేను ఆ రోజు ఆమెతో మాట్లాడలేదు.

గుంటూరులో మట్టి చేసి వచ్చాక, ఆదివారం షెడ్డులోనే జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. యాదయ్య వచ్చి చివర్లో కూర్చున్నాడు. పాస్టరుగారు రెండు మాటలు చెప్పమంటే లేచి, తువ్వాలు నలుపుకుంటూ నిలబడ్డాడు. "టీచరమ్మ నన్ను దినాం పరేషాన్ జేసింది" అన్నాడు. అంతే, కూర్చున్నాడు. అంతకన్నా నిజమైన మాట ఆ రోజు ఎవరూ చెప్పలేదనిపించింది. నన్ను టీచరును చేసింది ఆమే. నాకు రాదన్నది నాతో చేయించి, చేసినదాంట్లో తప్పు చూపించి, మళ్ళీ చేయించి. ఇప్పుడు భిన్నాలు నాకు కళ్ళు మూసుకుని చెప్పడం వచ్చు. ఆ సంగతి ఆమెతో ఒక్కసారైనా అనలేదు. అంటే ఇంకో పాఠం నా నెత్తిన పెట్టేవారు.

ఆమె అనగానే నాకు ఒక వానాకాలం సాయంత్రమే గుర్తొస్తుంది. ఆ రోజు గిర్నిలో పిండి పడే గొట్టానికి కట్టిన గుడ్డ ఊడిపోయింది. పిండి ఒక్కసారిగా పైకి లేచి, గోడ మీదుగా మా వైపు పడింది. క్షణంలో ఏమీ కనపడలేదు. దగ్గుకుంటూ అందరం బయటికి పరుగెత్తాం. చివర్న అత్తమ్మ వచ్చారు. కళ్ళద్దాలు, కనుబొమ్మలు, చీర, చేతిలోని పుస్తకం, అన్నీ తెల్లగా. యాదయ్య ఆమెను చూసి భయపడి, అంతలోనే ఆపుకోలేక నవ్వాడు. గంపలు పట్టుకున్న ఆడవాళ్ళు నవ్వారు. పిల్లలు నవ్వారు. ఆమె యాదయ్యను తిట్టి, నవ్వినందుకు నన్ను తిట్టి, పిల్లలను వరసలో నిలబెట్టి ఇంటిదారి పట్టించారు. బొంబాయి రోడ్డు పక్కన, తెల్లటి తలల పిల్లల వరసకు ముందు, తల పైకెత్తి, ఇంకా తిడుతూనే, వేసిన ప్రతి అడుక్కీ చీర నుంచి పొగలా పిండి రాలుతూ, ఆమె నడుస్తున్నారు. లారీవాళ్ళు వేగం తగ్గించి చూస్తున్నారు.