ముత్యాలకు తరుగు

మాది తాండూరులో కందుల వ్యాపారం. బస్తాలోంచి పిడికెడు గింజలు తీసి, అరచేతిలో పోసుకుని ఊది, ఒకటి పంటి కింద వేసి కొరుకుతాం. తేమ ఎంత, పుచ్చు ఎంత, కల్తీ ఎంత అని అక్కడే పైకి చెప్పేసి, దానికి తగ్గట్టు తూకంలో కొంత కోస్తాం. ఆ కోతనే తరుగు అంటాం. రైతు ముఖం చిన్నబోతుంది, అయినా మార్కెట్లో దాన్నెవరూ తప్పనరు. ఈ అలవాటును నేను వికారాబాదులో వియ్యాలవారి ఇంటికి మోసుకుపోయాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

మొన్న చలికాలంలో మా అబ్బాయి నిశ్చితార్థం. అమ్మాయికి తండ్రి లేడు. తల్లే అన్నీ తానై ఏర్పాట్లు చేసింది. మేము వెళ్లగానే నా భార్య మెడకు గంధం పూసి, నవ్వుతూ లోపలికి తీసుకుపోయింది. తరువాత కూతురికి పెట్టబోయే నగలు పళ్లెంలో సర్ది తెచ్చింది. అందులో ఒక ముత్యాల దండ ఉంది. ఇప్పుడు ముత్యాలు ఏం ధర పలుకుతున్నాయో అని చుట్టాల్లో ఎవరో అన్నారు.

నన్నెవరూ అడగలేదు. అయినా నా నోరు ఊరుకుంటుందా! దండ చేతిలోకి తీసుకుని మొదలుపెట్టాను. ముత్యానికి ముందు మెరుపు చూడాలన్నాను. పైపొర మందంగా ఉంటేనే ఆ మెరుపు నిలుస్తుందన్నాను. పెద్దదైతే ఒక ధర, గుండ్రంగా ఉంటే ఒక ధర, సముద్రంలోదైతే మరీ ఎక్కువన్నాను. అన్నిటికన్నా కష్టం జత కుదరడమని, దండ మొత్తం ఒకే తీరు గింజలు ఏరాలంటే ఎన్నో గుట్టలు వెతకాలని, ధర పెరిగేది అక్కడేనని చెప్పాను. జత కుదరడమంటే అదీ అని నా భార్య మెడలోని దండను చూపించాను. అంతటితో ఆగినా బాగుండేది. చేతిలో ఉన్న దండలోంచి ఒక ముత్యాన్ని పంటికి రుద్దాను. అసలు ముత్యమైతే పంటికి గరుకుగా తగులుతుంది.

“మాల్ అసలుదే చెల్లె,” అన్నాను. “కాని మిక్స్ ఉన్నది. మా దగ్గరైతే తరుగు తీస్తం.”

కొందరు నవ్వారు. నా చమత్కారానికే అనుకుని నేనూ నవ్వాను. అమ్మాయి తల్లి మాత్రం, అది తన అత్తగారి దండ అని, ఒకసారి తెగి కొన్ని పోతే దొరికినవి కలిపి గుచ్చించానని మెల్లగా చెప్పింది. నా పంటికి తగిలిన ముత్యాన్ని కొంగుతో తుడిచి, దండను లోపలికి తీసుకుపోయింది. అమ్మాయి వచ్చి పీట మీద కూర్చున్నప్పుడు మెడలో అది లేదు. పిల్ల నా కాళ్లకు దండం పెట్టింది కానీ ముఖం ఎత్తి చూడలేదు. రేపు మా ఇంట్లో తిరగాల్సిన పిల్ల. అప్పటికి గానీ నేనేం చేశానో నా తలకెక్కలేదు.

తాండూరుకు రైల్లో తిరిగి వస్తుంటే నా భార్య మెడలోని దండ తీసి నా చేతిలో పెట్టింది.

“ఇది గూడ జర రుద్ది చూడుండ్రి.”

అది మా పెళ్లికి మా నాన్న కొన్న దండ. ఒక్క గింజ కూడా తేడా లేదని ఊరందరికీ చెప్పుకునేవాణ్ణి. ఎన్నడూ పరీక్షించలేదు. సొంత గోదాములో గింజను ఎవరు కొరికి చూస్తారు? పంటికి రుద్దాను. నున్నగా జారింది. ఇంకొకటి రుద్దాను. అదీ అంతే.

పెళ్లయిన ఏడాదే తనకు తెలిసిందట. మామ మోసపోయాడని నలుగురికీ తెలిస్తే ఆయన పరువు పోతుందని చెప్పలేదట. అన్ని పెళ్లిళ్లకూ అదే వేసుకుని వచ్చింది. గురివింద తన నలుపు ఎరగదంటారు. నేను ఆ నలుపును పదిమందికీ చూపించి మెచ్చుకున్నాను.

“గంధం పూస్తుంటే ముత్యాలు గా వదిన చేతికి తగిలినయి,” అంది. “ఒక్కసారి సూసింది. నా కొంగు జర మీదికి జరిపింది. ఏమనలే.”

మర్నాడు పొద్దున్నే వికారాబాదుకు ఫోన్ చేశాను. పక్కనే నా భార్య నిలబడి ఉంది.

“తప్పయింది చెల్లె. పెండ్లి నాడు బిడ్డ మెడల ఆ దండ ఉండాలె,” అన్నాను.



“ఏస్త అన్నా,” అంది ఆవిడ. “వదినను గూడ ఆమె దండ ఏసుకొని రమ్మను. నిన్న మస్తు మంచిగనిపించింది.”

ఫోన్ పెట్టేశాక, వదిన ఏమందని నా భార్య అడిగింది. రైల్లో నా చేతిలో పెట్టిన దండను తెచ్చి ఆమె మెడలో వేశాను.