అయ్యగారి నడక

నస్పూర్‌లో మా చర్చి చిన్నది. రేకుల కప్పు, డెబ్బై ప్లాస్టిక్ కుర్చీలు. పదిహేనేళ్లుగా అక్కడ పాస్టరును నేనే. నా పనిలో సగం ఇళ్లు తిరగడమే. గని కార్మికుల క్వార్టర్లలో ఏ ఇంటికి ప్రార్థనకు వెళ్లినా ముందు చాయ్, ఆ వెంటనే సర్వపిండి, ఆపైన "ఇంకోటి తినుండ్రి అయ్యగారూ" అన్న మాట. వద్దంటే నొచ్చుకుంటారని తింటున్నానని చెప్పుకునేవాణ్ని. నిజానికి నాకు తినడం ఇష్టం. యాభై దాటేసరికి చొక్కాలు బిగుతయ్యాయి, షుగర్ వచ్చింది.

"ఉపవాస ప్రార్థన చేస్తున్న కదా, తగ్గుతది" అంటే మా ఆవిడ ఊరుకునేది కాదు.

"ఉపవాసం విడిచినంక మీరు తినేది సూసి దేవుడు ఏమనుకుంటడో!"

ఆ ఏడు వానలు తగ్గాక, శ్రీరాంపూర్ గనిలో పనిచేసే ఒకాయన బాప్తిస్మం తీసుకుంటానన్నాడు. ఆరడుగుల మనిషి. గోదావరిలో నడుము లోతు నీళ్లలో నిలబడ్డాం. గట్టు మీద సంఘమంతా పాట పాడుతోంది. ముంచడం బాగానే ముంచాను. లేపబోతే నడుము పట్టేసింది, కాళ్ల కింద ఇసుక జారింది. ఆయన మీద పడి నేనూ మునిగాను. మరుక్షణం ఆయనే నా చంకల కింద చేతులేసి లేపి నిలబెట్టాడు. పాట ఆగిపోయింది.

"పైలం అయ్యగారూ! దెబ్బ తాకిందా?"

"తాకలే. ఇంతకూ బాప్తిస్మం నీకా, నాకా?" అన్నాను దగ్గుతూ.

గట్టు మీద అందరికంటే ముందు నవ్వింది మా ఆవిడే.

నేనూ నవ్వాను గానీ, ఇంటికొచ్చాక సిగ్గేసింది. దేహం దేవుని ఆలయమని ఎన్నిసార్లు బోధించానో! సారా తాగేవాళ్లకు, గుట్కా నమిలేవాళ్లకు. నా పొట్ట కూడా ఆ లెక్కలోకి వస్తుందని ఎన్నడూ తోచలేదు.

మర్నాడు తెల్లవారగానే, బాప్తిస్మం తీసుకున్నాయన మా గుమ్మంలో ఉన్నాడు.

"ఇయ్యాల నాది రెండో షిఫ్టు. నడుద్దాం పాండ్రి."

"పొద్దున నాకు ప్రార్థన ఉంటది."

"నడుసుకుంటనే చేద్దాం. కండ్లు మూసుకుంటేనే ఇంటడా దేవుడు?"

చెప్పులేసుకుని బయల్దేరాను. క్వార్టర్ల రోడ్డు మీద నడుస్తూ ఒక్కో ఇంటి కోసం ప్రార్థించాం. ఈ ఇంట్లో ఆయనకు వెన్నునొప్పి, ఆ ఇంట్లో పిల్లకు పరీక్షలు. రెండో మలుపు దగ్గరికొచ్చేసరికి ఆమెన్ అనడానికి కూడా నాకు ఊపిరి అందలేదు. ఆయన అడుగు నెమ్మది చేశాడు.

వారం తిరిగేసరికి మా ఆవిడ కూడా నడకకు వచ్చింది. నెల తిరిగేసరికి ఇంకో పదిమంది ఆడవాళ్లు, చీరల కింద కాన్వాసు బూట్లతో. సంఘ పెద్ద ఒకాయనకు ఇది నచ్చలేదు. రిటైరైన బడిపంతులు.

"వాక్యం చదువుడు ఇడిసిపెట్టి రోడ్ల మీద గీ తిరుగుడేంది?" అని ఆదివారం అందరి ముందే అడిగాడు. సోమవారం పొద్దున తానే చేతికర్రతో వచ్చాడు.

"నడవనీకి రాలే. మీరు ప్రార్థన సక్కగ చేస్తున్నరో లేదో సూడనీకి వచ్చిన."

అట్లా చూస్తూ మూడు కిలోమీటర్లు నడిచాడు. మర్నాడూ వచ్చాడు.

ఆరు నెలలకు డాక్టరు నా మాత్రల్లో ఒకటి తగ్గించాడు. షుగర్ పోలేదు, మాట వింటోంది. సర్వపిండి ఇప్పుడు ఒకటే తింటున్నాను, ఎవరూ నొచ్చుకోలేదు.

మొన్నొక పొద్దున, వాకిట్లో ముగ్గు వేస్తున్న ఒకామె మమ్మల్ని ఆపింది. చర్చి మనిషి కాదు.

"మా ఇంటి ముంగట గూడ జర ఆగుండ్రి. మా ఆయన దుబాయిల ఉన్నడు. పది రోజులాయె, ఫోన్ లేదు. మస్తు పరేషాన్ అయితుంది."

ఆగాం. అందరం ఆమె వాకిట్లోనే నిలబడి ప్రార్థించాం. రెండు రోజులకు ఫోన్ వచ్చింది. రూము మారాడట, ఫోను పాడైందట. ఆ సంగతి చెప్పడానికి ఎదురొచ్చిన ఆమె, మాట్లాడుతూ మాట్లాడుతూ మాతోపాటే చివరి మలుపు దాకా నడిచింది.

"రేపు ఎన్నింటికి వస్తరు?" అని అడిగింది.