బందరు చూసొచ్చిన ఉస్మాన్

మా ప్రొద్దుటూరు బడి బంట్రోతు ఉస్మాన్ నాలుగుసార్లు బందరు పోయాడు. ఒక్కసారీ సముద్రం చూడలేదు. నమ్మరు కదా? విహారయాత్రకు పిల్లలను తీసుకుపోయే అయివార్లం మేం కోట చూపిస్తాం, డచ్చివాళ్ల సమాధులు చూపిస్తాం, దీపస్తంభం దాకా నడిపిస్తాం. ఉస్మాన్ మాత్రం సత్రంలో పెట్టెలకు కాపలా. ఆ పెట్టెల్లో ఏముందని! చిరిగిన దుప్పట్లు, మెత్తబడిన మురుకులు. నోట్లో నాలుక లేని మనిషి, "నేనూ వస్తా" అని ఏనాడూ అనలేదు.

ఇంటికొస్తే భార్య జైబున్నీసా వదిలేది కాదు. ఆమె మైదుకూరు దాటి ఎరగదు. మాది పక్కిల్లే, అన్నీ వినపడేవి.

"సముద్రం ఎట్లుంటాది?"

"పెన్నకు శానా వరదొచ్చినట్లుంటాది."

"దీపస్తంభమో?"

"మన మసీదు మినారంత. పైన ఒకాయప్ప నూనె పోస్తాంటాడు."

"అయ్యో, ఆయప్పకు బువ్వ ఎవరు ఎత్తకపోతారు?"

ఉస్మాన్ దానికీ ఒక కథ అల్లేవాడు. అన్నీ కోతలే! చూడలేదంటే ఆమె మొహం చిన్నబోతుందని భయం. బడిలో పది మాటలు మాట్లాడనివాడు ఇంట్లో పూటంతా చెప్పేవాడు. పిల్లాజెల్లా లేరు, వాళ్లిద్దరికీ అదే పండగ.

ఆంధ్రప్రదేశ్ వచ్చిన మరుసటేడు జైబున్నీసా జ్వరంతో పోయింది. ఆ చలికాలం ఐదోసారి బందరు ప్రయాణం, మళ్లీ పెట్టెల ముందు ఉస్మాన్. నాకు ఒళ్లు మండింది.

"పెట్టెల్ని కాకులేం ఎత్తకపోవులే. ఈపొద్దు నేను కూచుంటా. పోయి చూసిరాపో!" అని తరిమాను.

పొద్దుగూకేవేళకు వచ్చాడు. కాళ్లనిండా ఇసుక.

"ఎట్లుంది ఉస్మానూ?"

"మా ఇంటిదానికి అంతా తప్పు చెప్పినా అయివారూ. పెన్న మాదిరి ఏం లేదు. అద్దరే కనపడదు. ఆ తెల్లోళ్ల గోరీల కాడ శానాసేపు కూచున్నా, ఆడోళ్లయి గూడా ఉండాయి. దీపం కాడ మనిషిని అడిగినా. ఆయప్పకు పెండ్లామే బువ్వ తెస్తాదంట."

అంటూనే పెట్టె మీద కూలబడి భోరుమన్నాడు.

మరుసటేడు ప్రయాణం అనుకోగానే రానన్నాడు.

"ఏంది ఉస్మానూ, ఇంక కాపలా ఉండొద్దులే. అన్నీ చూద్దువు, రా" అన్నాను.

"చూస్తా సరే అయివారూ, తిరిగొచ్చి ఎవరికి చెప్పాల?" అన్నాడు.